జరీ చీరల షాపులో ఆర్‌ఎఫ్‌ఐడీ: పరీక్ష నుంచి పూర్తి లెక్క దాకా

పెళ్లిళ్ల సీజన్‌లో ఓ సాయంత్రం. వారం కిందట చూసి వెళ్లిన గంధం రంగు గద్వాల్ చీర కోసం ఒకావిడ మళ్లీ వచ్చారు. కంప్యూటర్‌లో చూస్తే స్టాకు ఒకటి అని ఉంది. అరలో మాత్రం లేదు. ఇద్దరు కుర్రాళ్లు ముప్పావుగంట వెతికారు. ఆవిడ రెండుసార్లు గడియారం చూసుకుని వెళ్లిపోయారు. ఆ చీర ఆషాఢం సేల్‌కి ర్యాకులు దించినప్పుడు వెంకటగిరి కట్టల మధ్య దొరికింది. సాయంత్రం మడతలు పెట్టేటప్పుడు ఎవరో అక్కడ తోసేశారు, అంతే.

మా షాపులో ఆర్‌ఎఫ్‌ఐడీ, అంటే చీరకు కట్టిన ట్యాగు నంబరును రీడర్ అనే మిషన్‌తో రేడియో తరంగాల ద్వారా చదివే ఏర్పాటు, పెట్టింది ఈ వెతుకులాట భరించలేకే, దొంగల భయంతో కాదు. పెట్టేటప్పుడు తిన్న దెబ్బల్లో ఎక్కువ భాగం మిషన్ వల్ల తగిలినవి కావు, జరీ వల్ల తగిలినవి. అమ్మడానికి వచ్చినవాళ్లు రీడర్ గొప్పల గురించి గంటసేపు చెప్పారు. ట్యాగు చీరకు ఎక్కడ కట్టాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ ఆ సంగతే ఎక్కువ రాశాను. మీది రెడీమేడ్ షాపైనా, చెప్పుల షాపైనా పని వరస ఇదే. జరీ గొడవ ఒక్కటి ఉండదు.

ముందుగా: ఆ కాగితం ముక్కలో ఏముంది

ఒక ట్యాగును ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పెట్టి చూడండి. లోపల మెలికలు తిరిగిన అల్యూమినియం గీత, మధ్యలో ఇసుక రేణువంత నల్ల చుక్క కనిపిస్తాయి. గీత యాంటెన్నా, చుక్క చిప్పు. బ్యాటరీ ఉండదు. రీడర్ వదిలే రేడియో తరంగాల నుంచే చిప్పు తనకు కావలసిన శక్తి తీసుకుంటుంది. వాట్‌లో లక్షో వంతు అందితే చాలు, మేలుకుంటుంది. మేలుకున్నాక కూడా సొంతంగా సిగ్నల్ పంపదు. తన మీద పడిన తరంగాన్నే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వెనక్కి కొడుతూ తన నంబరు చెబుతుంది. చిన్నప్పుడు అద్దం ముక్కతో ఎండను ఎదురింటి గోడ మీద పడేసి ఆడించేవాళ్లం కదా, అదే పని.

బార్‌కోడ్‌తో పోలిస్తే తేడాలు రెండు. ట్యాగు కంటికి కనబడక్కర్లేదు, ఒకేసారి వందల ట్యాగులు చదవచ్చు. పైగా ప్రతి ట్యాగుకూ వేరే నంబరు ఉంటుంది కాబట్టి ‘ఈ డిజైన్’ అని కాదు, ‘ఈ చీర’ అని చెప్పగలం. చేనేతలో ఏ రెండు చీరలూ అచ్చం ఒకేలా ఉండవు కాబట్టి మన వ్యాపారానికి ఇది బాగా పనికొస్తుంది.

ఇందులో మూడు జాతులున్నాయి. పశువుల చెవి ట్యాగుల్లోనూ పెంపుడు కుక్కల చిప్పుల్లోనూ వాడే 134.2 కిలోహెర్ట్జ్ రకం చాలా దగ్గర నుంచే పలుకుతుంది. మెట్రో కార్డు, ట్యాప్ చేసే బ్యాంకు కార్డు, లైబ్రరీ పుస్తకాల ట్యాగు 13.56 మెగాహెర్ట్జ్ రకం. కార్డులకైతే కొన్ని సెంటీమీటర్లు, లైబ్రరీ గేటు లాంటి పెద్ద యాంటెన్నాకైతే మీటరు దాకా. మూడోది యూహెచ్‌ఎఫ్, కొన్ని మీటర్ల దూరం నుంచి పలుకుతుంది. మీ కారు అద్దం మీద ఉన్న ఫాస్టాగ్ ఈ జాతిదే. చీరల షాపుకి కావలసిందీ ఇదే. ‘ఎన్‌ఎఫ్‌సీ ట్యాగులు చవక, ఫోన్‌తోనే చదవచ్చు’ అని ఎవరైనా చెబితే వినకండి. అవి పైన చెప్పిన 13.56 రకమే, ఒక్కో చీరకూ ఫోన్ ఆనించి చదవాలంటే బార్‌కోడే నయం.

మొదటి అడుగు: పుస్తకంలో లెక్క సరిచేయండి

ఇది విసుగు పని, అయినా తప్పదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘ధర్మవరం పట్టు, 12 పీసులు’ అని ఒకే లైను ఉంటే ఆ పన్నెండింటినీ పన్నెండు లైన్లు చేయాలి. ప్రతి చీరకూ సొంత కోడు, రంగు, కొన్న తేదీ, అర నంబరు ఉండాలి. మీ సాఫ్ట్‌వేర్ దీనికి ఒప్పుకుంటుందో లేదో ఇప్పుడే అడగండి. కొన్ని ఒప్పుకోవు. అలాంటప్పుడు ట్యాగు నంబరు ఎదురుగా చీర కోడు ఉండే పట్టిక ఒకటి విడిగా పెట్టుకోవచ్చు, మేం మొదట్లో అలాగే నెట్టుకొచ్చాం.

ర్యాకులకూ పేర్లు పెట్టండి. ‘కుడి గోడ పైన’ అంటే కుడి గోడ ఏదో ఇద్దరికి రెండు రకాలుగా అర్థమవుతుంది.

రెండో అడుగు: పైసా ఖర్చు పెట్టే ముందు మీ ర్యాకులోనే పరీక్ష

అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ చుట్టిన వెండి తీగ, దాని మీద బంగారు పూత. టెస్టెడ్ జరీలో వెండి బదులు లోపల రాగి ఉంటుంది. చవక రకం జరీ లోహపు పూత ఉన్న ప్లాస్టిక్ పొర. ఏ రకమైనా లోహమే. యూహెచ్‌ఎఫ్ ట్యాగుకి లోహమంటే పడదు. లోహం ఆనుకుని ఉంటే యాంటెన్నా ట్యూనింగ్ తప్పుతుంది. లోహం కొట్టిన తరంగం వచ్చే తరంగానికి ఎదురుతిరుగుతుంది కాబట్టి చిప్పుకి శక్తి అందదు. రేడియో స్టేషన్ మీద ఉన్న ముల్లు కొంచెం పక్కకు జరిగితే పాట పోయి గరగర వచ్చినట్టే.

ఇది మన ఒక్కరి బాధ కాదు. వాల్‌మార్ట్ అంతటి సంస్థ 2003లో తన పెద్ద సప్లయర్లు వంద మందిని 2005 జనవరికల్లా పెట్టెలకు ట్యాగులు వేయమని అడిగింది. నీళ్లున్న సరుకు, లోహపు డబ్బాలు వాళ్లనూ ఏడిపించాయి.

పరీక్ష ఇలా చేయండి. వెండర్‌ని డెమో మీ షాపులోనే ఇవ్వమనండి. వాళ్ల ఆఫీసులో టేబుల్ మీద కాగితాల మధ్య ఏ ట్యాగైనా పలుకుతుంది. ఒక నలభై చీరలు తీయండి: బరువైన జరీ పట్టు పది, సన్నంచు పట్టు పది, మంగళగిరి లాంటి కాటన్ పది, సింథటిక్ పది. ఒక్కో చీరకు మూడు చోట్ల ట్యాగు పెట్టి చూడాలి. ఒకసారి మడత లోపల, ఒకసారి పైన అంచు మీద ఆనించి, ఒకసారి దారంతో మడత బయటికి వేలాడేలా. ప్రతిసారీ చీరలను మీ ర్యాకులో, మీరు మామూలుగా పేర్చినట్టే పేర్చి, అరమీటరు, ఒక మీటరు, రెండు మీటర్ల దూరం నుంచి చదవండి. ఎన్ని పలికాయో రాసుకోండి. పలకని చీర ఏదో కూడా రాసుకోండి, ఎందుకంటే అసలు పాఠం దాంట్లోనే ఉంటుంది.

మా దగ్గర కాటన్, సింథటిక్ ఎక్కడ పెట్టినా పలికాయి. సన్నంచు పట్టు కూడా పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. బరువైన జరీ కొంగు మడత లోపల పెట్టినవి చాలావరకు నోరు మెదపలేదు. అవే చీరలకు అవే ట్యాగులు రెండు వేళ్ల దూరం బయటికి వేలాడదీస్తే రెండు మీటర్ల నుంచి కూడా పలికాయి. మారింది ట్యాగు ఉన్న చోటు మాత్రమే.

ఇనుప ర్యాకు విషయంలోనూ ఇదే సూత్రం. ట్యాగు ఇనుప పలకకు, నిలువు పట్టీకి ఆనకూడదు. చెక్క, గాజు తలుపులతో పెద్దగా గొడవ లేదు.

మూడో అడుగు: ట్యాగు ఎంచుకోవడం, కట్టడం

మన దేశంలో వాడే 866 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. అందులో సగం పొడవుంటే యాంటెన్నా బాగా పనిచేస్తుంది. అంత పొడుగు ట్యాగు చీరకు కట్టలేం కాబట్టి గీతను మెలికలు తిప్పి ఏడెనిమిది సెంటీమీటర్లలో ఇరికిస్తారు. ఇంకా చిన్న ట్యాగులు కూడా దొరుకుతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. యాంటెన్నా చిన్నదైన కొద్దీ దూరం తగ్గుతుంది. ధర చీటీ అంత సైజు ట్యాగు తీసుకోండి. ధర చీటీ లోపలే ట్యాగు ఉండేలా చేయించుకుంటే చీరకు రెండు కాగితాలు వేలాడవు.

అతికించే రకం పట్టుకు వద్దు. జిగురు మరక పడితే ఆ చీర ఇక ఎవరు కొంటారు? తుపాకీతో గుచ్చే ప్లాస్టిక్ పుల్ల కాటన్‌కి పర్వాలేదు, పట్టు నేతలో కన్నం చేస్తుంది. మేం నూలు దారంతో కుచ్చుముడి దగ్గర కడుతున్నాం. గుండుసూదులు, పిన్నీసులు కూడా లోహమే, మర్చిపోకండి. సిల్క్ మార్క్ లేబుల్ ఉన్న చీరకు దాని మీద ఏదీ అతికించకండి. కొనేవాళ్లు మొదట చూసేది దాన్నే.

ఇప్పుడు స్టేప్లర్ కథ. మొదటి వారం దారాలు కట్టడం ఆలస్యమవుతోందని మా కుర్రాడు ఓ ఉపాయం చేశాడు. ‘అన్నా, పిన్ను కొట్టేశా, ఇక ఊడదు’ అని గర్వంగా చూపించాడు. దారాన్ని ట్యాగు మధ్యలో పెట్టి స్టేపుల్ పిన్ను కొట్టాడు. సరిగ్గా చిప్పు మీద. ఆ మధ్యాహ్నం కొట్టిన ట్యాగులన్నీ చచ్చి ఊరుకున్నాయి. పిన్ను చిప్పు మీద పడకపోయినా రెండు గీతలను కలిపేస్తే చాలు, యాంటెన్నా పాడవుతుంది. అందుకే ట్యాగు కొనేటప్పుడు దారం దూర్చడానికి కన్నం వేసి ఉన్న రకమే అడగండి. ఆ కన్నం యాంటెన్నాకు దూరంగా, కాగితం చివర ఉండాలి.

చీరలు దొంతరగా పేరిస్తే వేలాడే ట్యాగులు ఒకదాని మీద ఒకటి వాలతాయి. ఒకదానికొకటి అతుక్కున్న ట్యాగులు కూడా ఒకరి గొంతు ఒకరు నొక్కేస్తాయి. ఒక చీర ట్యాగు ఎడమకు, తర్వాతి చీరది కుడికి ఉండేలా పేర్చడం కుర్రాళ్లకు నేర్పండి. మూడు రోజులు సణుగుతారు, తర్వాత చేయి అలవాటు పడుతుంది.

నాలుగో అడుగు: రీడర్

చిన్న, మధ్య తరహా షాపుకి చేతిలో పట్టుకునే రీడర్ ఒకటి, బిల్లు దగ్గర టేబుల్ మీద పెట్టే యూఎస్‌బీ రీడర్ ఒకటి చాలు. సీలింగ్‌కి బిగించేవి, ప్రతి అరలో యాంటెన్నాలు అని పెద్ద కొటేషన్ ఇస్తారు. ఏడాది తర్వాత ఆలోచించవచ్చు.

కొనే ముందు మూడు సంగతులు చూడండి. మొదటిది ఫ్రీక్వెన్సీ. మన దేశంలో 2005లో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అక్కర్లేకుండా ఇచ్చారు, తర్వాత 868 దాకా పెంచారు. ట్రాన్స్‌మిటర్ శక్తి 1 వాట్ దాటకూడదు. అమెరికాలో వాడేది 902 నుంచి 928. మన దగ్గర అందులో కొంత మొబైల్ ఫోన్లది. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత చవగ్గా తెప్పించుకునే ఆలోచన ఉంటే మానుకోండి. సెట్టింగులో రీజియన్ ఇండియా అని ఉందో లేదో చూడండి, టెలికాం శాఖ కింది డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ (పరికరానికి ఆమోదం) ధ్రువపత్రం అడగండి. ఇవ్వడానికి నసిగితే వేరే వెండర్‌ని చూసుకోవడం మంచిది.

రెండోది, శక్తిని పెంచడానికీ తగ్గించడానికీ వీలుండాలి. రీడర్‌లో శక్తిని డీబీఎంలలో చూపిస్తారు, 30 డీబీఎం అంటే ఒక వాట్. అక్కడి నుంచి పది డీబీఎం దాకా దించగలగాలి. ఎందుకో బిల్లు దగ్గర తెలుస్తుంది. మూడోది, చేతి రీడర్‌లో వెతికే మోడ్ ఉండాలి. మా పెట్టుబడికి న్యాయం చేసింది అదొక్కటే అన్నా తప్పులేదు.

ఐదో అడుగు: నంబర్లు

ట్యాగులో రాసే నంబరును ఈపీసీ అంటారు. మామూలుగా 96 బిట్లు, అంటే 24 స్థానాలు. 0 నుంచి 9 అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లిషు అక్షరాలు వాడాలి. మీరు పెద్ద మాళ్లకు, ఆన్‌లైన్ సంస్థలకు సరుకు వేసేవాళ్లైతే జీఎస్1 ఇండియాలో చేరి వాళ్ల పద్ధతిలోనే నంబర్లు వేయాలి. 890తో మొదలయ్యే బార్‌కోడ్లు ఇచ్చేది వాళ్లే. మా లాంటి సొంత కౌంటర్ షాపుకి సొంత నంబర్లు చాలు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నంబరునే వాడేద్దామనుకోకండి. ఒకే కట్టలో ఒకే నంబరు రెండుసార్లు రావడం ఉంది.

మా పద్ధతి ఇది. మొదటి ఎనిమిది స్థానాలు షాపు గుర్తు, తర్వాత నాలుగు సంవత్సరం, మిగతా పన్నెండు వరస సంఖ్య. షాపు గుర్తు ఎందుకంటే, కొనడానికి వచ్చినవాళ్ల జీన్స్‌లోనూ, బ్యాగులోనూ వేరే షాపుల ట్యాగులు ఉంటాయి. అవి కూడా మన రీడర్‌కి పలుకుతాయి. మన గుర్తుతో మొదలుకానివన్నీ వదిలేయమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. జీఎస్1 నంబర్లు చాలావరకు 30తో మొదలవుతాయి కాబట్టి ఆ 30 వాడకండి.

ధర, కొన్న రేటు, నేతగాడి పేరు ట్యాగులో రాయొద్దు. ట్యాగులో నంబరు మాత్రమే, మిగతాదంతా కంప్యూటర్‌లో. ధర మారిన ప్రతిసారీ ట్యాగు మళ్లీ రాసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఎక్సెల్‌లో నంబర్లు పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక, దీంతో నాకు ఒక రాత్రి నిద్ర లేదు. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. 24 అంకెల నంబరు ఇస్తే చివరివన్నీ సున్నాలు చేసేస్తుంది. అంకెల మధ్య ఒక ‘ఇ’ అక్షరం ఉంటే దాన్ని పదుల ఘాతం అనుకుని ఇంకేదో చూపిస్తుంది. సేవ్ చేశాక పాత నంబరు తిరిగి రాదు. కాలమ్‌ని ముందే టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చండి. ఇంకా సులువు, షాపు గుర్తును ‘బి’ లాంటి అక్షరంతో మొదలుపెట్టండి. అప్పుడు ఎక్సెల్ దాన్ని అంకెగా అనుకోదు.

ట్యాగుకు నంబరు రాసేటప్పుడు రీడర్ శక్తి తగ్గించి, మిగతా ట్యాగుల కట్టను దూరంగా, వేరే టేబుల్ మీద పెట్టండి. లేదంటే ముందున్న ట్యాగు బదులు పక్కన ఉన్నది రాసుకుంటుంది. రాసిన వెంటనే మళ్లీ చదివి చూసుకోండి. చివరగా పాస్‌వర్డ్ పెట్టి తాళం వేయండి. మొదట అన్ని ట్యాగులకూ పాస్‌వర్డ్ ఎనిమిది సున్నాలే, తాళం వేయకపోతే రీడర్ ఉన్న ఎవరైనా నంబరు మార్చగలరు. ఆ పాస్‌వర్డ్ ఒక్కరి బుర్రలోనే ఉండకూడదు, గల్లాపెట్టె తాళం లాగే ఇద్దరి దగ్గరైనా ఉండాలి.

ఆరో అడుగు: కట్టే ముహూర్తం

మూఢంలో మొదలుపెట్టండి. నవ్వులాట కాదు, ముహూర్తాలు లేని రోజుల్లోనే పట్టు కౌంటర్ ఖాళీగా ఉంటుంది. ఒకరు చీర తీసి బార్‌కోడ్ కొట్టాలి, ఒకరు ట్యాగు చదివించి జత చేయాలి, ఒకరు దారం కట్టాలి, ఒకరు మళ్లీ పేర్చాలి. ఒక ర్యాకు మొత్తం అయ్యాకే ఇంకోదానికి వెళ్లండి. సగం కట్టి సగం వదిలేస్తే ఏది అయిందో ఎవరికీ గుర్తుండదు. కొత్త సరుకు రోజూ వస్తూనే ఉంటుంది కాబట్టి, ట్యాగు కట్టకుండా కొత్త చీర ర్యాకెక్కకూడదని మొదటి రోజే నియమం పెట్టండి.

ఏడో అడుగు: హాజరు వేయడం

లెక్కపెట్టడాన్ని మేం హాజరు అంటాం. రీడర్ పనిచేసే తీరు కూడా బడిలో హాజరు లాంటిదే. అందరూ ఒకేసారి ‘ఉన్నాను సార్’ అంటే పంతులుగారికి ఏమీ వినపడదు. అందుకే రీడర్ ‘తలా ఒక సంఖ్య అనుకోండి, మీ సంఖ్య వచ్చినప్పుడు పలకండి’ అంటుంది. ఇద్దరు ఒకే సంఖ్య అనుకుంటే మళ్లీ మొదలు. ఇది సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది.

ఇక్కడ ఒక సెట్టింగ్ అర్థం చేసుకుంటే సగం చిక్కులు పోతాయి. రీడర్ యాప్‌లో సెషన్ అని ఎస్0 నుంచి ఎస్3 వరకు ఉంటాయి. ఎస్0లో ఒకసారి పలికిన ట్యాగు రీడర్ కాస్త పక్కకు తిరిగి వస్తే మళ్లీ పలుకుతుంది. గట్టి గొంతువాళ్లే పదేపదే అరుస్తూ ఉంటే మూలనున్న బలహీనమైన ట్యాగు మాట వినపడదు. ఎస్2లో పలికిన ట్యాగు కూర్చుంటుంది, శక్తి ఆగినా కనీసం రెండు సెకన్లు లేవదు. ఆ సందులో మిగతావి వినపడతాయి. స్టాకు లెక్కకు ఎస్2 పెట్టుకోండి, బిల్లు కౌంటర్‌కి, వెతకడానికి ఎస్0.

ఇక చేయి తిప్పడం. ట్యాగు కొన మనవైపు చూస్తూ ఉంటే దానికి తరంగం సరిగ్గా అందదు, అడ్డంగా ఉంటేనే అందుతుంది. చీరలకు ట్యాగులు ఎటు వేలాడుతాయో చెప్పలేం. అందుకే రీడర్‌ని అరమీటరు దూరంలో పట్టుకుని, హారతి పళ్లెం తిప్పినట్టు మణికట్టు తిప్పుతూ, నెమ్మదిగా పైనుంచి కిందికి రావాలి. తొందరపడితే మిగిలిపోతాయి. మనిషి శరీరం నిండా నీరే కాబట్టి ర్యాకుకీ రీడర్‌కీ మధ్య ఎవరూ నిలబడకూడదు.

ఒక ర్యాకు అయ్యాక సాఫ్ట్‌వేర్ మూడు జాబితాలు ఇవ్వాలి. సరిపోయినవి, వినపడనివి, పుస్తకంలో లేకుండా వినపడినవి. మూడోది చాలామంది పట్టించుకోరు. మాకు మాత్రం బిల్లింగ్ తప్పులన్నీ అక్కడే దొరికాయి. అమ్మేశామని పుస్తకంలో ఉన్న చీర ర్యాకులో పలుకుతోందంటే, ఆ రోజు దాని బదులు వేరే చీర ఇచ్చి దీని బిల్లు కొట్టారన్నమాట.

రెండో జాబితాతో మాత్రం జాగ్రత్త. మొదటిసారి హాజరు వేసినప్పుడు ఒకే ర్యాకులో పదకొండు కంచి పట్టు చీరలు వినపడలేదు. మా పెదనాన్న ముఖం మారిపోయింది. ఏమీ అనలేదు, ఆ ర్యాకు చూసే కుర్రాడి వైపు ఒక్కసారి చూశారు. ఆ చూపుకే వాడి చేతిలో మడత ఆగిపోయింది. నేను స్టూలెక్కి ఒక్కొక్కటీ చేత్తో దించాను. పదకొండూ ఉన్నాయి. ముందు రోజు హడావుడిలో మడత పెట్టినప్పుడు ట్యాగులు కొంగు లోపలికి జారి జరీకి అతుక్కుపోయాయి. పెదనాన్న ఆ కుర్రాడికి టీ చెప్పారు, ‘క్షమించరా’ అనడం ఆయనకు అలవాటు లేదు.

అందుకే ఆ జాబితా పేరు ‘పోయినవి’ అని ఉంటే మార్పించేశాం. ఇప్పుడు తెర మీద ‘వినపడనివి’ అని వస్తుంది. వినపడని చీర దొరికే వరసకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు అదే ర్యాకు రెండోసారి వేరే వైపు నుంచి. తర్వాత షాపంతా ఒక రౌండు, వేరే అరలో ఉందేమో. తర్వాత అప్రూవల్ పుస్తకం, ఎవరింటికైనా చూపించడానికి పంపామేమో. ఫాల్, పాలిష్‌కి వెళ్లినవాటి జాబితా. ఆ తర్వాతే చేత్తో లెక్క. ఇవన్నీ అయ్యాక కూడా తేలకపోతే అప్పుడు మాట్లాడుకోవాలి.

వెతకడం

బిల్లింగ్‌లో చీర కోడు కొడితే నంబరు చేతి రీడర్‌కి వస్తుంది. వెతికే మోడ్‌లో రీడర్ ఆ ఒక్క నంబరునే పిలుస్తుంది. దగ్గరయ్యే కొద్దీ బీప్ వేగం పెరుగుతుంది. మరీ దగ్గరకొచ్చాక అన్ని వైపులా గట్టిగానే పలుకుతుంది కాబట్టి శక్తి తగ్గించుకుంటూ వెళ్లాలి. గంధం రంగు చీర లాంటి కథలు ఇప్పుడు ఒక్క నిమిషంలో ముగుస్తున్నాయి.

బిల్లు కౌంటర్

డెకాథ్లాన్‌లో బుట్టలో బట్టలు పడేస్తే బిల్లు దానంతటదే రావడం చూసే ఉంటారు. అది ఆ బుట్ట గొప్ప, చుట్టుపక్కల ట్యాగులు వినపడకుండా కట్టిన ఏర్పాటు అది. మన కౌంటర్ వెనక గోడంతా చీరలే. రీడర్ పూర్తి శక్తిలో ఉంటే కొన్న రెండు చీరలతో పాటు వెనక ఉన్న పాతిక చీరలూ బిల్లులోకి ఎక్కుతాయి. శక్తిని పది, పదిహేను డీబీఎంకి దించి, యాంటెన్నా కింద ఇనుప రేకు వేయండి, వెనక ర్యాకును ఒక మీటరు జరపండి. తెర మీద వచ్చిన పేరూ, చేతిలో ఉన్న చీరా ఒకటేనా అని మనిషి చూడటం మాత్రం మానొద్దు.

గుమ్మం దగ్గర అలారం గేటు గురించి అడిగేవాళ్లు ఎక్కువ. నా మాట వింటే మొదటి ఏడాది వద్దు. బరువైన జరీ చీర మడతలో ట్యాగు ఉంటే గేటుకీ వినపడదు. దొంగకు ఇది తెలియకపోవచ్చు గానీ, బిల్లు కట్టిన పెళ్లివారి ముందు అలారం మోగితే మీ పరువు పోతుంది. ఆ డబ్బుతో ఇంకో చేతి రీడర్ కొనుక్కోండి.

ట్యాగు తీసేశాక

బిల్లు అవగానే దారం కత్తిరించి ట్యాగు మా దగ్గరే ఉంచుకుంటాం. కొన్నవాళ్ల ఇంటికి మన నంబరు వెళ్లక్కర్లేదు, పైగా అదే ట్యాగుకు కొత్త నంబరు రాసి మళ్లీ వాడవచ్చు. మేం అలా తీసినవాటిని మొదట కౌంటర్ కింద అట్టపెట్టెలో వేశాం. అమ్మేసిన చీరలన్నీ మధ్యాహ్నానికి మళ్లీ బిల్లులోకి రావడం మొదలైంది. ఇప్పుడు ఆ చోట అమ్మ జంతికలు పోసే మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి ఉంది. మూత గట్టిగా బిగిస్తే లోపలున్న ఒక్క ట్యాగూ నోరెత్తదు.